అరువు చీరకు అయిదు పిన్నీసులు

పోయినవి ముందు చెప్పేస్తాను. చీరలు పద్నాలుగు, జాకెట్లు పద్నాలుగు, పంచెలు తొమ్మిది, లాల్చీలు ఆరు, ఖాకీ దుస్తులు మూడు జతలు, లుంగీలు అయిదు, తువ్వాళ్లు ఎనిమిది, జరీ ఉత్తరీయాలు నాలుగు, చెప్పులు పదకొండు జతలు, విగ్గులు మూడు. జతను ఒకటిగా లెక్కగడితే మొత్తం డెబ్బై ఏడు. ఏడేళ్ల కిందట, శివరాత్రికి ముందు వారంలో ఒక సాయంత్రం, ఇవన్నీ మూడు ఇనుప పెట్టెల్లో నరసరావుపేట నుంచి మాచర్లకు బయలుదేరాయి. గురజాల దాటాక మా గూడ్స్ ఆటో ఎదురొచ్చిన ట్రాక్టరును తప్పించబోయి సాగర్ కాలువలోకి జారింది. డ్రైవరుకు మోచేయి గీసుకుపోవడం తప్ప మాకెవరికీ ఇంకేం కాలేదు. పెట్టెల మూతలు మాత్రం ఊడిపోయాయి. ప్రతి పెట్టెలో అడుగున ఒక ఎర్ర తెర గుడ్డ మడిచి పెట్టి ఉంది. తెల్లారి జనం సాయంతో బయటికి లాగేసరికి వాటి రంగంతా వదిలి, డెబ్బై ఏడూ ఒకే రంగుకు తిరిగాయి.

నాటిక ఆ తెల్లారిన రోజు సాయంత్రమే, ఏడింటికి. మాచర్లలో ఒక స్కూలు హాల్లో నాటక పోటీలు జరుగుతున్నాయి. నన్ను నాటకాలకు బట్టలు అద్దెకిచ్చే మా డ్రెస్ కంపెనీ ఆ నాటికకు ఆహార్యం బాధ్యుడిగా పంపింది.

మా పనిలో ఉండే మెట్లు మూడే. పెట్టెలు మోసేవాడు హెల్పరు. వేషధారికి బట్ట కట్టేవాడు డ్రస్సరు. నాటకం చదివి ఎవరికి ఏ బట్టో నిర్ణయించేవాడిని ఆహార్యం అంటారు. కరపత్రంలో పేరు పడేది ఈ మూడోవాడికే. నేను చేరినప్పుడు మొదటి మెట్టు మీద కూడా లేను. ఏడో తరగతితో బడి మానేసి, మిరపకాయల కాటా దగ్గర నిలబడి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఊళ్లకు వెళ్లిన బట్టలెన్ని, తిరిగొచ్చినవెన్ని అని ఎంచడానికి కంపెనీవాళ్లు నన్ను పెట్టుకున్నారు. ఎంచుతూ ఎంచుతూ ఏ బట్ట ఏ వేషానికి పోతున్నదో తెలిసింది. అలా పైకి వచ్చినవాణ్ణి. యాభై ఆరో ఏట ఆ పని మానేశాను.

మా పెట్టెల పద్ధతి కొంచెం చెప్పాలి. ఏ సాంఘిక నాటికకైనా మూడు పెట్టెలు వెళ్లేవి. వేషధారులు ఏడుగురే ఉన్నా మూడూ నిండుగానే వెళ్లేవి. ఒకటి దొర పెట్టె: జరీ ఉత్తరీయాలు, సిల్కు లాల్చీలు, గిల్టు గొలుసులు. రెండోది గుమాస్తా పెట్టె: తెల్ల పంచెలు, ఖాకీలు, నేత చీరలు. మూడోది కూలి పెట్టె. దీని తయారీకే ఎక్కువ శ్రమ. కొత్త చీర కొని, టీ డికాక్షన్‌లో ఉడకబెట్టి, బ్లేడుతో అక్కడక్కడ చీల్చి, పైన వేరే రంగు గుడ్డతో మాసికలు వేసేవాళ్లం. ఒక్కో చీరకు నాలుగు మాసికలు, రెండు ముందువైపు, ఒకటి వీపున, ఒకటి కొంగున. చతురస్రంగా కత్తిరించాలి, కుట్టు పెద్దగా కనబడాలి. హాల్లో ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా, ఆమె నోరు విప్పకముందే, పేదరాలని తెలియాలన్నది లెక్క. ఆ లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు. నేను చేరేనాటికే ఉంది. తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

ఇక నాటిక. ఒక షావుకారు షాపులో ఒక కుర్రాడు గుమాస్తా. షాపులో సరుకేదో పోయింది. ఆ నేరం కుర్రాడి మీద పడింది. పోలీసులకు అప్పగించవద్దని అడగడానికి తల్లి షావుకారు ఇంటికి వస్తుంది. నాటికకు ఆయువుపట్టు ఆ ఒక్క రంగం. రాసినదాని ప్రకారం తల్లి మాసికల చీరలో వచ్చి, వాకిట్లో కూలబడి, పొర్లి పొర్లి ఏడ్చి, చివరకు షావుకారు కాళ్లు పట్టుకుంటుంది. ఆయన జరీ ఉత్తరీయం సర్దుకుంటూ "లే, లే" అంటాడు. అక్కడ తెర. తల్లి వేషం రత్నమ్మది. నరసరావుపేటలో అందరికీ తెలిసిన నటి. అప్పటికి ముప్పై ఏళ్లుగా తల్లి వేషాలే వేస్తోంది. దర్శకుడు శివరాం మాస్టారు, కాలేజీలో పాఠాలు చెప్పేవారు.

వాళ్లంతా ముందు రోజే బస్సులో వచ్చి స్కూలు గదుల్లో దిగారు. నేను తడిసిన పెట్టెలతో ఉదయం తొమ్మిదింటికి చేరాను. మాస్టారు ఒక చీర పైకెత్తి చూశారు. నీళ్లు కారుతున్నాయి, ఎర్రగా.

"నరసరావుపేటలో ఇంకో సెట్టు లేదా కోటయ్యగారూ?" అన్నారు.

లేదని చెప్పాను. శివరాత్రి వారం మాకు పంట కోతల కాలం లాంటిది. పెట్టెలన్నీ కోటప్పకొండ తిరునాళ్లకని చుట్టుపక్కల ఊళ్లకు పోయి ఉన్నాయి. బజారులో కొత్తవి కొందామంటే, కొత్త బట్ట స్టేజీ లైటు కింద షాపు మడతలతో సహా కనిపిస్తుంది. సాయంత్రంలోగా దాన్ని పాతచేయడం ఎవరివల్లా కాదు. మిగిలింది ఒకటే, ఊళ్లో అరువు తేవడం.

పోటీలకు మైకు సెట్టు పెట్టినవాడు ఖాసిం. స్కూలు ప్రహరీ పక్కనే ఇల్లు, మోటార్లు బాగుచేసే షెడ్డు. అతని ఆటోకు హారన్లు కట్టి ఉన్నాయి. నేనే మాటలు రాసిచ్చాను: సాయంత్రం నాటికలో పేదవారి వేషాలకు పాత బట్టలు కావాలి, ఇవ్వగలవారు స్కూలు దగ్గరికి తెచ్చి ఇవ్వండి, రేపు తిరిగి ఇస్తాం. అది మైకులో చెబుతూ ఖాసిం గంటసేపు ఊరంతా ఆటో తిప్పాడు. వచ్చిన బట్టలు సున్నా.

ఖాసిం ఆటో దిగి నవ్వాడు. "ఏందన్నాయ్ ఆ చెప్పటం? పేదోళ్ల బట్టలు తెండి అంటే ఎవడు తెస్తాడు? నేను పేదోణ్ణని మైకులో ఒప్పుకున్నట్టు కాదా?"

అప్పుడు నేను, డ్రస్సరు కలిసి ఇళ్లకు తిరిగాం. పేద అనే మాట ఎత్తకుండా, నాటకానికి ఒక చీర కావాలి, ఒక చొక్కా కావాలి అని అడిగాం. ముందు బజారులో కిరాణా హోల్‌సేలు షాపున్న గుప్తాగారింటికి వెళ్లాం. షావుకారు వేషానికి మంచి లాల్చీ, జరీ పంచె కావాలన్నాను. గుప్తాగారి భార్య లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చి అరుగు మీద పెట్టింది.

"స్టీలు సామాన్లోడికి వేద్దామని కట్టి పెట్టా. తీసుకుపొండి, మళ్లీ తెచ్చేదేమీ లేదు."

జరీ పంచె సంగతి మళ్లీ ఎత్తాను.

"బాగుంది నాయనా! రంగులు పూసుకునేవాళ్లకి పెళ్లిళ్లకు కట్టే పంచెలిస్తామా?"

గుప్తాగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నారు. "ఒసే, ఆ వేషమేదో నన్నే వెయ్యమనరాదూ? బట్టలు అడుక్కునే పని కూడా ఉండదు" అని పెద్దగా నవ్వారు. ఆయన ఒంటి మీద చంక కింద రెండు చిల్లులున్న బనీను, రంగు తెలియని లుంగీ. ముక్కూ మొహం తెలియని ఇద్దరు మగవాళ్లు వాకిట్లో నిలబడితే ఆయన లేవలేదు, పైన తువ్వాలూ వేసుకోలేదు. నేను అది చూశాను. చూసి, ఇలాంటి మనిషి ఇంట్లో ఇలాంటి బట్టలేమిటి అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

తరవాత మిరపకాయల షెడ్ల వెనక వీధులు, అక్కడ తొడిమలు తీసే కూలీలుండే వరస. అక్కడ అడిగిన ప్రతి ఇంట్లోనూ ఇచ్చారు. కాని ఒక్కటీ పాతది కాదు. ఒకామె రేకు పెట్టె తాళం తీసి, కలరా ఉండల వాసన వేసే చీర ఇచ్చింది. ఒకాయన పండక్కి కుట్టించుకున్న చొక్కా ఇచ్చాడు. రోజూ కట్టుకునేది చాలని బతిమాలాను. "అందరూ చూసే చోటికి అదేం ఇస్తాం అన్నా?" అన్నారు, ఒకరు కాదు, అందరూ.

మధ్యాహ్నానికి తెచ్చినవన్నీ క్లాసు గదిలో బెంచీల మీద రెండు వరుసలుగా పరిచాను. ఎడమవైపు కూలి ఇళ్ల నుంచి, ఖాసిం ఇంటి నుంచి వచ్చినవి: చీరలు నాలుగు, చొక్కాలు మూడు, అన్నీ ఉతికి ఇస్త్రీ చేసినవి. కుడివైపు గుప్తాగారింటివి: వెలిసిన లుంగీలు రెండు, బనీన్లు మూడు, పలచబడ్డ తువ్వాలు ఒకటి.

మాస్టారు చూసి తల పట్టుకున్నారు. "ఈ లెక్కన మా షావుకారే వెళ్లి ఆమె కాళ్లు పట్టుకోవాలి!"

గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లుగా ఏ పెట్టెలో ఏముండాలో తెలిసినవాణ్ణి, నాకు దొర పెట్టె, కూలి పెట్టె ఒకదాని స్థానంలో ఒకటి కనిపిస్తున్నాయి.

తల్లి వేషానికి తగిన చీర ఆ నాలుగింటిలో ఒకటే. మిగతావి రత్నమ్మ వయసుకు మరీ గాఢమైన రంగులు. ఈ ఒక్కటి గంధం రంగు, ఆకుపచ్చ అంచు, న్యూస్‌పేపరులో చుట్టి ఉంది. ఖాసిం భార్య మస్తాన్‌బీ ఇచ్చినది. మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. స్కూలు తోట మట్టి కాస్త నీళ్లలో కలిపి చీర అడుగున పూద్దాం, రేపు ఉతికించి ఇద్దాం అన్నారు. డ్రస్సరు మట్టి తేవడానికి లేచాడు కూడా. కిటికీ అవతల మస్తాన్‌బీ మంచినీళ్ల బిందెతో నిలబడి ఉంది. బిందె అక్కడే దించేసి లోపలికి వచ్చింది.

"ఏంది సార్, మట్టి పూస్తారా? నా చీరకా?"

"ఉతికించి ఇస్తామమ్మా" అన్నారు మాస్టారు.

"రేపు పొద్దున ఆరింటి బస్సుకి పిడుగురాళ్ల పోవాల నేను. మా అక్క కూతురి నిఖా. మా అక్క లేదు, పోయింది. తల్లి తరపున నిలబడేదాన్ని నేనే. పెళ్లికొడుకోళ్లు చానా ఉన్నోళ్లు. వాళ్ల ముందర నిలబడాలంటే నాకున్నది ఇదొక్కటే. మట్టి చీర కట్టుకుని పోతే ఆ పిల్లనేమంటారు?"

అలాంటప్పుడు ఎందుకిచ్చావమ్మా అని నేనే అడిగాను.

"ఖాసిం వచ్చి చెప్పాడు, ఊరంతా తిరిగినా ఒక్కరియ్యలేదని. మా ఊరొచ్చినోళ్లు బట్టల్లేక స్టేజీ దిగిపోతే ఎట్లుంటది కోటన్నా? ఇచ్చా. ఇచ్చింది ఇచ్చినట్టు నా చేతికి రావాల. మరక పడితే ఒప్పుకోను."

చీర ఆమె చేతిలోకి తీసుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ చీర లేకపోతే తల్లి వేషం లేదు, తల్లి లేకపోతే నాటిక లేదు. కడితే ఆ రంగంలో పొర్లాల్సిన స్టేజీ నేల సంగతి నేను పొద్దున్నే చూసి ఉన్నాను. నాపరాళ్ల ధూళి, దాని మీద మిరపకాయల సీజన్లో ఊరంతా పడే ఎర్రటి పొడి. గంధం రంగు చీరకు ఒక్కసారి తగిలితే చాలు.

అప్పటిదాకా మూల కూర్చుని తన మాటలు వల్లెవేసుకుంటున్న రత్నమ్మ నోరు విప్పింది.

"నేను పొర్లను మాస్టారూ. అసలు కూర్చోను కూడా. నిలబడే చేస్తా."

"తల్లి కూలబడకపోతే రంగం ఎలా నిలుస్తుందమ్మా?"

"మా అన్నని బళ్లోంచి తీసేస్తే మా అమ్మ హెడ్మాస్టరు దగ్గరికి పోయింది. ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకుని, తల దువ్వుకుని పోయింది. చినిగింది కట్టుకుని ఏ తల్లన్నా పోద్దా?"

మాస్టారు నా వైపు చూశారు. నేను రత్నమ్మ వైపు చూశాను. ఇన్నేళ్లలో ఆమెకు మాసికల చీరలు కట్టించినవాణ్ణి నేను. ఈ మాట ముందెప్పుడూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ముప్పై ఏళ్లు మాసికలే ఇచ్చారు తమ్ముడూ. నన్నెవరడిగారు?"

మాస్టారు కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగారు. ఆయన తెలివైన దర్శకుడు. మొండిపట్టు పట్టే మనిషి కాదు. ఆగి, షావుకారు వేషం వేసే రైల్వే గుమాస్తాను పిలిచి, గుప్తాగారి మూటలోంచి బనీను, లుంగీ తీసి ఇచ్చారు. "మీరు ఇంట్లో ఉన్నారు. ఎవరో వచ్చారని బట్టలు మార్చుకునే మనిషి కాదు. ఇవే" అన్నారు. రత్నమ్మతో, చీర ఉన్నది ఉన్నట్టే కట్టమన్నారు. పోలీసు వేషానికి ఖాకీ లేదు కాబట్టి ఆ పాత్రను స్టేజీ ఎక్కించలేదు, తెర వెనక నుంచి గొంతు మాత్రం వినిపించాం.

మస్తాన్‌బీ చీర ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. రత్నమ్మకు చీర కట్టేది తానే.

సాయంత్రం ఆరింటికి వచ్చింది. మా డ్రస్సరు కుచ్చిళ్లు పెట్టే తీరు చూడటానికి బాగుంటుంది గాని నడకలో అంచు నేలకు రాసుకుంటుంది. ఆమె చీరను నేల నుంచి రెండు వేళ్లు ఎత్తి కట్టింది. తన మెడలో నల్లపూసలకు గుచ్చుకున్న పిన్నీసులు అయిదు తీసింది. ఒకటి భుజాన, ఒకటి కుచ్చిళ్ల దగ్గర, ఒకటి వీపున జాకెట్టుకు. మిగిలిన రెండూ రత్నమ్మ పసుపుతాడుకు తగిలించింది.

"ఇవెందుకే?" అంది రత్నమ్మ.

"ఆడదాని మెళ్లో పిన్నీసులు లేకుండా ఉంటయ్యా? దారిలో ఏదన్నా ఊడితే? ఇంకో మాట అక్కా, ఏడుపొస్తే కొంగుతో తుడవబాక. నీ మొహాన ఆ పూత ఉందే, అంటితే వదలదు."

రంగం మొదలయ్యేసరికి నేను పక్క తెర వెనక నిలబడ్డాను. మస్తాన్‌బీ ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో కూర్చుంది. నాలుగు వరుసల వెనక గుప్తాగారు భార్యతో వచ్చి ఉన్నారు. తెర లేవగానే షావుకారు బనీనులో కనిపించాడు. "అదుగో నాదే!" అని గుప్తాగారి గొంతు, ఆ చుట్టుపక్కల నవ్వులు.

తల్లి వచ్చింది. ఇస్త్రీ మడత చెదరని గంధం రంగు చీర, దువ్విన తల. జనంలో ఒక చిన్న కలకలం లేచింది. ఈమె ఎవరో వాళ్లకు వెంటనే అర్థం కాలేదు. నాకు భయం వేసింది. మా పెట్టె లెక్క ప్రకారం ఆఖరి వరుసకు తెలియాల్సింది తెలియలేదు. షావుకారు లేవకుండా, పాత అలవాటు ప్రకారం, నేల చూపించి "కూర్చో" అన్నాడు. రత్నమ్మ ఆ నేల వైపు చూసింది. ఎడమ చేత్తో కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, "పర్లేదు బాబూ" అని నిలబడే ఉంది. ఆ చూపుతో హాలు సద్దుమణిగింది. ఆమె కట్టుకున్నది ఆమెకున్న ఒక్క చీర అని చెప్పడానికి నాలుగు మాసికలు అక్కర్లేకపోయింది. కుచ్చిళ్లు పట్టుకున్న చేయి చెప్పింది.

మాట్లాడుతుంటే కన్నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. కొంగు పట్టుకున్న చేయి మొహందాకా రాబోయి ఆగిపోవడం నేను చూశాను. నీళ్లు చెంపల మీదనే ఉన్నాయి.

చివరకు కాళ్లు పట్టుకునే చోటు వచ్చింది. ఎంత వద్దనుకున్నా ముప్పై ఏళ్ల అలవాటు కదా, ఆమె రెండడుగులు వేసి వంగబోయింది. భుజం మీది పిన్నీసు దాటి ఉన్న కొంగు ముందుకు జారింది. నేలకు జానెడు ఎత్తు ఉందో లేదో.

"ఏమే రత్నమ్మక్కా! కొంగు! కొంగు ఎత్తు!"

మస్తాన్‌బీ లేచి నిలబడి ఉంది. హాలంతా గొల్లుమంది. వేరే నటి అయితే అక్కడితో రంగం పోయేది. రత్నమ్మ ఆ కేక వచ్చిన వైపు చూసింది, పక్కింటి మనిషి పిలిస్తే చూసినట్టు. కొంగు అందుకుంది, నడుముకు దోపుకుంది. వంగలేదు. ఒకడుగు వెనక్కి వేసి, ఎప్పుడూ ఏడుస్తూ చెప్పే మాటను మామూలు గొంతుతో చెప్పింది. "నా కొడుకు దొంగ కాదు బాబూ."

షావుకారుకు ఇక చెప్పడానికి మిగిలిన మాట "లే, లే." ఎదుటి మనిషి నిలబడే ఉంది. ఆ మాట ఇక అతకదు. ఆమె నిండుగా కట్టుకున్న చీరను, తన బనీనును చూసుకున్నాడు. కుర్చీ చేతి మీది తువ్వాలు తీసి భుజాల మీద కప్పుకుని, మెల్లిగా తానే లేచి నిలబడ్డాడు. అది రాసింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. మాస్టారు నా పక్కన నిలబడి తెర తాడు వాళ్లకు చేయి ఊపారు. తెర పడింది. ఒక్కసారిగా కాదు గాని, నవ్విన హాలే చప్పట్లు కొట్టింది.

లెక్క ప్రకారం జరగాల్సింది ఇంకా ఉంది. మస్తాన్‌బీ మాకంటే ముందే గదిలో ఉంది. రత్నమ్మ మొహం కడుక్కోకముందే చీర విప్పించింది. ట్యూబులైటు కింద నేనూ ఆమే చెరో కొస పట్టుకుని, జానెడు జానెడుగా చూశాం. అంచుకు ధూళి ఉంది, దులిపితే పోయింది. కొంగు శుభ్రం. మెడ దగ్గర పూత అంటలేదు.

"ఆ షావుకారు లేచాడే," అంది మడత పెడుతూ, "రేపు నన్ను చూసి పెళ్లికొడుకు బాబాయి కూడా అట్టా లేస్తే బాగుండు."

పొద్దున ఆరింటి బస్సుకు ఆ చీరలోనే వెళ్లింది. నిఖా సవ్యంగా జరిగిందని, ఆ బాబాయి మాత్రం లేవలేదని, తరవాత ఖాసిం ఫోనులో చెప్పాడు.

పోటీల ఫలితాల్లో రత్నమ్మకు బహుమతి వచ్చింది. ఆహార్యం బహుమతి వేరే ఊరి చారిత్రక నాటకానికి, కిరీటాలకూ కవచాలకూ వెళ్లింది. న్యాయనిర్ణేతల్లో ఒకరు మాస్టారుతో అన్నారట, మీ నాటికలో ఆహార్యం అని చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదని. ఆ మాట నాకు బాధ కలిగించలేదు. కనిపించకపోవడం నేను అప్పటికింకా నేర్చుకుంటున్న పని.

నరసరావుపేట చేరాక మా పెట్టెల మీద రాసి ఉన్న దొర, గుమాస్తా, కూలి అన్న పేర్లు చెరిపించాను. ప్రొప్రైటరు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ తరవాత పనిచేసినన్నాళ్లూ ఏ నాటకం చేతికొచ్చినా, ఈ మనిషి ధనికుడా పేదా అని ముందు అడగలేదు. ఈ బట్ట ఎవరి ఎదుట నిలబడటానికి కట్టుకున్నాడు, ఇది పాడైతే కట్టుకోవడానికి ఇంకొకటి ఉందా, ఈ రెండే అడిగాను. లేనివాడు ఉన్నవాడి గుమ్మానికి వెళ్లేటప్పుడు ఉన్నంతలో మంచిది కట్టుకుంటాడు. ఉన్నవాడు లేనివాడి ఎదుట ఏదీ కట్టుకోనవసరం లేదనుకుంటాడు. తరగతి తేడా బట్ట చిరుగులో లేదు, ఎవరి కోసం ఎవరు తయారవుతున్నారన్న దాంట్లో ఉంది. మాసికలు వేయడం పూర్తిగా మానలేదు. ఇంట్లో, పొయ్యి దగ్గర, ఎవరూ చూడని రంగాల్లో వేశాను. అక్కడ కూడా చతురస్రంగా కాదు, అదే రంగు దారంతో, కనపడకూడదని కుట్టుకున్నట్టు. తల్లి వేషాలన్నిటికీ మెడలో పిన్నీసులు పెట్టించాను.

అరువు తెచ్చిన మిగతా బట్టలన్నీ ఆ మర్నాడే ఎవరివి వాళ్లకు చేర్చాం. గుప్తాగారి మూట కూడా ఇచ్చేశాం, వద్దన్నా వినకుండా. ఇక పిన్నీసులు. ఆ సాయంత్రం చీర మడిచాక మస్తాన్‌బీ అరచేయి చాపింది. భుజానిది, కుచ్చిళ్లది, వీపుది, పసుపుతాడుది ఒకటి, నాలుగు వచ్చాయి. అయిదోది తిరుగు ప్రయాణంలో బస్సు పిడుగురాళ్ల దాటాక రత్నమ్మ పసుపుతాడుకే కనిపించింది. పంపించమన్నాను. ఈ వేషం వేసినన్నాళ్లూ ఇవ్వనంది. ఆమె ఇంకా వేస్తూనే ఉంది.

ఆ తరవాత ఒకసారి నేను మాచర్ల వెళ్లినప్పుడు ఒక పిన్నీసుల పాకెట్టు కొనుక్కుని మస్తాన్‌బీ ఇంటికి వెళ్లాను. తీసుకోలేదు.

"పాకెట్టు ఎవడిక్కావాల కోటన్నా? నాది నాకియ్యి. ఇచ్చిందాకా బాకీనే."

అయిదింటిలో నాలుగు ముట్టాయి. నేటికీ బాకీ ఒకటి.